పిలిచింది యజమానేనా?

గోదావరి పల్లెల్లో పెద్దవాళ్లు పిల్లలకు ఓ మాట చెబుతుండేవారు. 'రాత్రిపూట బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకే పలక్కు. మూడుసార్లు పిలిచాకే పలుకు' అని. దెయ్యం మూడోసారి పిలవలేదని ఓ నమ్మకం. ఒకప్పుడైతే ఊళ్లకు ఊళ్లే తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్నాయి. అచ్చం ఇంట్లోవాళ్ల గొంతుతోనే పిలుస్తుందట, పలికామో అంతేనట... అని చెప్పుకొని పెందలాడే తలుపులు బిగించుకున్నారు. దెయ్యం సంగతి దేవుడెరుగు. ఆ భయంలో మాత్రం ఓ తెలివైన ప్రశ్న దాగుంది. గొంతు తెలిసిందే... కానీ పిలిచింది నిజంగా ఆ మనిషేనా?

సరిగ్గా ఆ ప్రశ్నే ఇప్పుడు డ్రోన్ల విషయంలో వేసుకోవాల్సి వస్తోంది. డ్రోన్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది పెళ్లిలో తలల మీద తిరుగుతూ వీడియో తీసే యంత్రమే. దానికి రెక్కలూ కళ్లూ ఉన్న మాట నిజమే. కానీ అసలు కీలకం దాని చెవుల్లో ఉంది. కింద నుంచి గాల్లో వచ్చే రేడియో మాటను విని, చెప్పింది చెప్పినట్టు చేయడమే దాని పని. మరి ఆ మాట యజమానిది కాకపోతే? యజమాని మాట దానికి అసలు వినపడకపోతే? డ్రోన్ల భద్రత అంటే మొత్తం ఈ రెండు ప్రశ్నలే.

చేలోకి కొత్త పాలేరు

వరికి మందు కొట్టాలంటే ఒకప్పుడు వీపున డబ్బా కట్టుకుని బురదలో దిగాల్సిందే. ఆ పనికిప్పుడు మనుషులు దొరకడం కష్టమైంది. దాంతో సార్వాలోనూ దాళ్వాలోనూ గట్ల మీదకు డ్రోన్లు వస్తున్నాయి. పది లీటర్ల ట్యాంకుతో లేచి ఎకరం చేనును పది నిమిషాల్లోపే తడిపేస్తున్నాయి. స్వయం సహాయక సంఘాల మహిళలకు డ్రోన్లు ఇచ్చే 'నమో డ్రోన్ దీదీ' పథకానికి కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదం తెలిపింది. దేశం మొత్తం మీద 15 వేల సంఘాలను ఎంచుకుని, ధరలో 80 శాతాన్ని 8 లక్షల రూపాయలకు మించకుండా సాయంగా ఇవ్వాలన్నది లక్ష్యం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్నవాళ్లకు అన్నం పొట్లాలు, నీళ్లు, మందులు మోసుకెళ్లినవీ డ్రోన్లే. సంక్రాంతికి కోడిపందేల బరుల జాడ తీయడానికి పోలీసులు ఎగరేస్తున్నవీ అవే.

ఇంతవరకూ బాగానే ఉంది. కానీ డెల్టాలో ఓ తిరకాసు ఉంది. ఇక్కడ వరిచేను పక్కనే రొయ్యల చెరువు. మధ్యలో ఓ గట్టు. ఆ పక్కన బోదె, దాని అవతల కొబ్బరితోట. వరిలో పురుగును చంపే మందు రొయ్యను వదిలిపెడుతుందా? రొయ్యా పురుగూ దూరపు చుట్టాలే. రెండూ కీళ్లకాళ్ల జీవుల జాతికి చెందినవే. పురుగుల కోసం వాడే పైరిత్రాయిడ్ మందులు రొయ్యలకు చాలా ప్రమాదకరం. అంటే, మందు పోస్తున్న డ్రోన్ దారి తప్పి గట్టు దాటిందంటే నష్టం డ్రోన్ ఖరీదుతో పోదు. పక్కవాడి చెరువు పోతుంది. ఆ చెరువు మీద తెచ్చిన అప్పు మిగులుతుంది. రెండిళ్ల మధ్య తరాల నుంచీ ఉన్న మాటామంతీ కూడా పోతుంది.

అందుకే గట్టు మీద నిలబడ్డ పెద్దాయన మనసులో ఓ ప్రశ్న మెదలడం సహజం.

'బాబూ, మజ్జలో సిగ్నలు పోతే ఇదేం చేస్తాదయ్యా?'

'దాని దారిన అదే వచ్చేస్తాదండీ బాబాయ్ గారూ.'

'వచ్చేస్తాది సరే... ఏ దారిన వస్తాది?'

ఇలాంటి మాటలు ఏ గట్టు మీదైనా వినపడొచ్చు. పెద్దాయన రెండోసారి అడిగిందే అసలు ప్రశ్న. దానికి జవాబు తెలియాలంటే డ్రోన్‌ను గాల్లో నిలబెట్టే దారాల గురించి తెలియాలి.

కంటికి కనపడని మూడు దారాలు

గాలిపటానికి దారం ఒకటే. డ్రోన్‌కు మూడు. మొదటిది, కింద నిలబడ్డ పైలట్ చేతిలోని రిమోట్ నుంచి డ్రోన్‌కు వెళ్లేది. పైకి లే, ఎడమకు తిరుగు, మందు ఆపు... ఆదేశాలన్నీ దీనిమీదే వెళ్తాయి. రెండోది డ్రోన్ నుంచి కిందికి వచ్చేది. కెమెరా బొమ్మ, బ్యాటరీ ఎంత మిగిలింది, ఎంత ఎత్తులో ఉంది వంటి కబుర్లు దీనిమీద వస్తాయి. మూడోది ఆకాశం నుంచి దిగేది. దాదాపు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతాలు విని డ్రోన్ తానెక్కడున్నదీ లెక్కగట్టుకుంటుంది.

ఈ మూడూ గాల్లో సాగే రేడియో తరంగాలే. గాలికి గోడలుండవు, గేట్లుండవు. పైగా చాలా డ్రోన్లు వాడేది 2.4 గిగాహెర్ట్జ్, 5.8 గిగాహెర్ట్జ్ తరంగాలను. ఇంట్లో వైఫై పెట్టె వాడేదీ ఇంచుమించు అవే. అంటే డ్రోన్, దాని యజమాని మాట్లాడుకుంటున్నది నడిబజార్లో అన్నమాట. వినాలనుకున్నవాడు వినొచ్చు. అరిచి మాట వినపడకుండా చేయాలనుకున్నవాడు చేయొచ్చు. గొంతు మార్చి పిలవాలనుకున్నవాడు పిలవొచ్చు. ముప్పులన్నీ ఈ మూడు రకాల మనుషుల నుంచే వస్తాయి.

చెవులు మూసేవాళ్లు

జగ్గన్నతోట ప్రభల తీర్థంలో మైకుల హోరు మధ్య పక్కనున్న మనిషిని పిలిచి చూడండి. పిలుపు వెళ్తుంది, వినపడదు. డ్రోన్ల భాషలో దీన్నే 'జామింగ్' అంటారు. అదే తరంగంలో అంతకంటే గట్టిగా రొద చేస్తే చాలు, యజమాని మాట అందులో మునిగిపోతుంది. మూడు దారాల్లోనూ బలహీనమైనది ఉపగ్రహం నుంచి వచ్చేదే. వేల కిలోమీటర్లు ప్రయాణించి నేలకు చేరేసరికి అది చాలా సన్నగిల్లిపోతుంది. దాన్ని ముంచేయడానికి పెద్ద రొద అక్కర్లేదు.

2018 అక్టోబరులో హాంకాంగ్‌లోని విక్టోరియా రేవు మీద డ్రోన్ల విన్యాసం జరుగుతోంది. చూస్తుండగానే 46 డ్రోన్లు ఒకదాని తర్వాత ఒకటి నీళ్లలోకి రాలిపోయాయి. జీపీఎస్ సంకేతాలకు ఎవరో అడ్డు తగిలారని నిర్వాహకులు చెప్పారు. కింద ఉన్నది నీళ్లు కాబట్టి సరిపోయింది. సరిగ్గా ఆరేళ్లకు, 2024 అక్టోబరు 22న, అమరావతి డ్రోన్ సదస్సు సందర్భంగా విజయవాడ పున్నమి ఘాట్‌లో కృష్ణమ్మ మీద 5,500 డ్రోన్లు ఒక్కసారిగా లేచాయి. జనం నోళ్లు తెరుచుకుని చూశారు. అయిదు గిన్నిస్ రికార్డులు దక్కాయి. అన్ని డ్రోన్లు ఒకదానికొకటి తగలకుండా బొమ్మలు గీయాలంటే ప్రతిదానికీ తన చోటు కచ్చితంగా తెలియాలి. ఆ చోటు చెప్పే సంకేతం ఎంత సన్ననిదో తెలిసినవాళ్లకు ఆ విన్యాసం వెనక ఎంత కాపలా అవసరమో కూడా తెలుస్తుంది.

గొంతు మార్చేవాళ్లు

చెవులు మూసేవాడికంటే ప్రమాదకారి గొంతు మార్చేవాడు. మాట వినపడకపోతే డ్రోన్‌కు కనీసం ఏదో తేడా జరిగిందని తెలుస్తుంది. దొంగ గొంతు వినపడితే అదీ తెలియదు. అంతా సవ్యంగానే ఉందనుకుంటూ మరో దారిన పోతుంది.

అమెరికాలోని టెక్సాస్ విశ్వవిద్యాలయానికి చెందిన టాడ్ హంఫ్రీస్ బృందం 2012 జూన్‌లో న్యూమెక్సికోలోని వైట్ శాండ్స్ దగ్గర అధికారుల సమక్షంలోనే ఈ పని చేసి చూపించింది. దూరంగా ఓ గుట్ట మీద నుంచి నకిలీ జీపీఎస్ సంకేతాలు పంపింది. గాల్లో నిలకడగా ఉన్న చిన్న మానవరహిత హెలికాప్టర్, తాను పైకి పోతున్నాననుకుని కిందికి దిగడం మొదలుపెట్టింది. పక్కనే సిద్ధంగా ఉన్న పైలట్ చేతిలోకి తీసుకోబట్టి నేలకు కొట్టుకోకుండా బయటపడింది. దీన్నే 'స్పూఫింగ్' అంటారు. ఆకాశం గొంతుతో పిలిచిన దెయ్యమన్నమాట!

యజమాని గొంతును అనుకరించడం ఇంకా తేలికని తర్వాత తేలింది. 2013 డిసెంబరులో సామీ కామ్‌కర్ అనే భద్రతా పరిశోధకుడు 'స్కైజాక్' పేరుతో ఓ ఏర్పాటు చేశాడు. ఓ డ్రోన్‌కు అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ కట్టి గాల్లోకి వదిలాడు. అది చుట్టుపక్కల ఎగిరే ఓ రకం డ్రోన్లను వెతికి, వాటి యజమానితో ఉన్న వైఫై బంధాన్ని తెంచి, తనే యజమానినంటూ చేతిలోకి తీసుకోగలదు. అదెలా సాధ్యమైందంటే... ఆ రకం డ్రోన్ల వైఫైకి అసలు తాళమే లేదు.

అవి ఆటవస్తువుల్లాంటివి, ఖరీదైన వాటికి అలా జరగదులే అనుకోవద్దు. 2016లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఆర్‌ఎస్‌ఏ భద్రతా సదస్సులో నిల్స్ రోడే అనే యువ పరిశోధకుడు పోలీసులు వాడే స్థాయి డ్రోన్‌ను ఎలా దారి మళ్లించవచ్చో వివరించాడు. దాని ఖరీదు వేల యూరోల్లో ఉంటే, అతను వాడిన పరికరాల ఖరీదు 40 డాలర్లు. అందులోని రేడియో చిప్‌కు మాటను రహస్యలిపిలోకి మార్చే సౌకర్యం ఉంది. ఎవరూ దాన్ని వాడలేదు. ఇంటికి ఇత్తడి తాళం కొని, కప్పను గుమ్మానికి వేలాడదీసి ఊరెళ్లినట్టు!

చాటుగా వినేవాళ్లు

మూడో రకం వాళ్లు ఏమీ చేయరు. ఊరికే వింటారు. 2009 డిసెంబరులో వాల్‌స్ట్రీట్ జర్నల్ పత్రిక ఓ సంగతి బయటపెట్టింది. ఇరాక్‌లో అమెరికా సైన్యం ఎగరేసిన ప్రిడేటర్ డ్రోన్లు పంపుతున్న వీడియోలను అక్కడి తిరుగుబాటుదారులు తమ ల్యాప్‌టాప్‌లలో చూసేశారు. అందుకు వాళ్లు వాడిన 'స్కైగ్రాబర్' సాఫ్ట్‌వేర్ ఖరీదు 26 డాలర్ల లోపే. కోట్ల డాలర్ల డ్రోన్లు పంపే బొమ్మలకు రహస్యలిపి లేకపోవడమే అందుకు కారణం.

ఇందులో మామూలు కుటుంబాలకూ సంబంధం ఉంది. డ్రోన్ పంపే కబుర్లలో డ్రోన్ ఎక్కడుందన్నదే కాదు, ఎగరేస్తున్న మనిషి ఎక్కడ నిలబడ్డాడన్నదీ ఉండొచ్చు. ఓ ప్రముఖ చైనా కంపెనీ డ్రోన్లు తమ ఉనికి చెప్పడానికి పంపే సంకేతాల్లో పైలట్ ఉన్నచోటు కూడా రహస్యలిపి లేకుండానే వెళ్తోందని జర్మనీ పరిశోధకులు 2023లో తేల్చారు. ఆ డ్రోన్లలో మొత్తం 16 లోపాలు చూపించారు కూడా. ఒంటరిగా చేల మధ్య నిలబడి డ్రోన్ నడిపే ఆడపిల్లల విషయంలో ఇది చిన్న సంగతేమీ కాదు.

వానర సేనలో శుకసారణులు

ఒక్క డ్రోన్ అయితే ఇంతే. పది డ్రోన్లు ఓ జట్టుగా ఎగిరితే మరో చిక్కు. పైలట్ మాట దూరంలోని డ్రోన్‌కు నేరుగా చేరకపోతే మధ్యలోవి అందుకుని చేరవేస్తాయి. పొలం గట్టున ఒకడు కేకేస్తే మరొకడు అందుకుని అవతలి గట్టువాడికి చెప్పినట్టు. ఇదే డ్రోన్ల వైర్‌లెస్ నెట్‌వర్క్. వరదల్లో సెల్‌టవర్లు పడిపోయినచోట ఇలాంటి జట్లు ఎంతో పనికొస్తాయి. లంకగ్రామాలకు అలాంటి రోజులు కొత్తేమీ కాదు.

అయితే ఆ వరసలో ఓ దొంగ దూరితే? రామాయణంలో రావణుడి వేగులు శుకుడు, సారణుడు వానరాల వేషంలో రాముడి సైన్యంలో కలిసిపోయారు. విభీషణుడు గుర్తుపట్టబట్టి సరిపోయింది. డ్రోన్ల జట్టులో దూరిన దొంగ కూడా అంతే. తన దగ్గరికొచ్చిన కబురును ముందుకు పంపకుండా మింగేయొచ్చు. మార్చి పంపొచ్చు. తానొక్కడే పదిమంది వేషాలు వేసి జట్టు నిర్ణయాలను తప్పుదారి పట్టించొచ్చు. రావణుడి కాలంలోనైనా ఈ కాలంలోనైనా రక్షణ ఒక్కటే. జట్టులో ప్రతివాడినీ గుర్తుపట్టే విభీషణుడు ఉండాలి.

తాళాలున్నాయి... వేయాలంతే

రోగాలు ఇన్ని ఉన్నా భయపడాల్సిన పనిలేదు. ఒక్కో రోగానికీ మందుంది. వినేవాడికి విరుగుడు రహస్యలిపి. మాటను తాళంచెవి ఉన్నవాడికే అర్థమయ్యేలా మార్చి పంపితే, మధ్యలో విన్నవాడికి గోలగానే వినపడుతుంది.

గొంతు మార్చేవాడికి విరుగుడు సంతకం. రిమోట్‌కూ డ్రోన్‌కూ మాత్రమే తెలిసిన ఓ రహస్య సంఖ్య ఉంటుంది. ప్రతి ఆదేశానికీ ఆ సంఖ్యతో లెక్కగట్టిన ముద్ర చివర జోడిస్తారు. ఆదేశంలో ఒక్క అక్షరం మారినా ముద్ర తప్పుతుంది, డ్రోన్ పెడచెవిన పెడుతుంది. ఇందులోనూ మోసం చేయాలనుకుంటే ఓ దారుంది. యజమాని నిన్న పంపిన అసలు పిలుపునే రికార్డు చేసి ఇవాళ వినిపించడం. దానికీ జవాబుంది. ప్రతి ఆదేశానికీ సమయం ముద్ర వేస్తారు. పాత సమయంతో వచ్చిన మాట చెల్లదు. చాలా డ్రోన్లు మాట్లాడే 'మావ్‌లింక్' అనే భాష 2009లో పుట్టింది. మొదటి రూపంలో దానికి ఇలాంటి సంతకమే లేదు. రెండో రూపంలో చేర్చారు. కాకపోతే వాడాలా వద్దా అన్నది తయారీదారు, వాడేవాడి ఇష్టం. చాలా చిక్కులు అక్కడే మొదలవుతాయి.

చెవులు మూసేవాడికి విరుగుడు కనిపెట్టినవాళ్లలో ఓ సినిమా తార ఉందంటే నమ్మగలరా? హాలీవుడ్ నటి హెడీ లామర్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్‌తో కలిసి 1942 ఆగస్టులో అమెరికాలో ఓ పేటెంట్ తీసుకుంది. నౌకలను పేల్చే టార్పెడోకు పంపే రేడియో ఆదేశం ఒకే తరంగంలో కాకుండా ఒకదాన్నుంచి మరోదానికి గంతులేస్తూ వెళ్లాలన్నది ఆలోచన. పంపేవాడికీ వినేవాడికీ గంతుల వరస ముందే తెలుసు. అడ్డుకునేవాడికి తెలియదు. వాడు ఓ తరంగంలో రొద పెట్టేలోపు మాట ఇంకో తరంగంలోకి దూకేస్తుంది. ఇప్పటి డ్రోన్ రిమోట్లలో చాలావాటి కిటుకు అదే.

ఇక నకిలీ ఉపగ్రహం గొంతుకు మందు, డ్రోన్‌కు సొంత తెలివి నేర్పడం. దాని లోపల కదలికలను పట్టే సెన్సర్లు, దిక్సూచి, ఎత్తును కొలిచే సాధనం ఉంటాయి. 'నువ్వు రెప్పపాటులో రెండొందల మీటర్లు జరిగావు' అని జీపీఎస్ చెబుతుంటే, 'లేదే, నేను కదల్లేదే' అని లోపలి సెన్సర్లు చెబితే డ్రోన్ అనుమానపడాలి. ఒక్క జీపీఎస్‌నే కాకుండా భారత్ సొంత వ్యవస్థ నావిక్ లాంటి వాటినీ వినగలిగితే, ఒకరి మాటను మరొకరితో సరిచూసుకోవచ్చు.

యుద్ధరంగంలోనైతే మరీ విచిత్రం జరిగింది. ఉక్రెయిన్ యుద్ధంలో జామింగ్ బాధ పడలేక రెండు పక్షాలూ కొన్ని డ్రోన్లకు కిలోమీటర్ల పొడవున సన్నని గాజు తీగ కట్టి ఎగరేశాయి. తీగ అవసరం లేదని గాల్లోకి లేచిన యంత్రం, చివరికి గాలిపటంలా మళ్లీ దారం కట్టుకుంది!

చట్టం ఏమంటోంది?

2021 జూన్ 27న జమ్మూలోని వైమానిక స్థావరం మీద డ్రోన్లతో పేలుడు పదార్థాలు జారవిడిచారు. ఆ రెండు నెలలకే, ఆగస్టులో, కేంద్రం డ్రోన్ నియమాలు-2021 తెచ్చింది. వీటి ప్రకారం డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. 250 గ్రాముల లోపు వాటికి, వ్యాపారానికి వాడని 2 కిలోల లోపు వాటికి తప్ప మిగతావాటిని నడిపేవారికి రిమోట్ పైలట్ ధ్రువపత్రం ఉండాలి. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్ల లోపు ఎగరేయాలంటే ముందస్తు అనుమతి కావాలి. రాజమహేంద్రవరం దగ్గర మధురపూడి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పెళ్లి డ్రోన్ ఎగరేసే ముందు గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇది. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతిని, పరిశోధన, రక్షణ, భద్రత అవసరాలకు తప్ప, నిషేధించారు. విడిభాగాలకు మాత్రం అడ్డు చెప్పలేదు. పైకి మనదైనా లోపలి చిప్ ఎవరిదన్న అనుమానం అలాగే ఉంది. చైనా విడిభాగాలున్నాయన్న కారణంతో సైన్యం కోసం ఇచ్చిన 400 డ్రోన్ల కొనుగోలు ఒప్పందాలను 2025లో రద్దు చేయడమే అందుకు నిదర్శనం.

దారి తప్పిన డ్రోన్‌ను కూల్చే పనిలోనూ తెలుగు నేల వెనకబడలేదు. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల 'చెస్' రూపొందించిన లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్ 13న కర్నూలు జిల్లాలోని పరీక్షాకేంద్రంలో ప్రయోగించారు. అది గాల్లోని డ్రోన్లను కాంతి పుంజంతోనే కూల్చేసింది. కానీ ఇవి సైన్యం చేతిలో ఉండాల్సినవి. పక్కింటి డ్రోన్ విసిగిస్తోందని ఎవరైనా జామర్ కొని పెట్టుకుంటే అది నేరం. కేంద్ర అనుమతి లేకుండా ప్రైవేటు వ్యక్తులు జామర్లు వాడకూడదు. పైగా ఆ రొదలో పక్కవాళ్ల ఫోన్లు, వైఫై కూడా మునిగిపోవచ్చు.

గట్టు మీద అడగాల్సినవి

మళ్లీ పెద్దాయన ప్రశ్నకే వద్దాం. ఏ దారిన వస్తాది? సిగ్నల్ పోయినప్పుడు డ్రోన్ ఏం చేయాలో ఎగరేసే ముందే దానికి చెప్పి ఉంచాలి. సాధారణంగా మూడు పద్ధతులుంటాయి. ఉన్నచోటే గాల్లో ఆగడం, ఉన్నచోటే దిగిపోవడం, బయల్దేరిన చోటికి తిరిగి రావడం. మెట్టలో ఏదైనా పర్వాలేదు. డెల్టాలో ఉన్నచోటే దిగడమంటే చెరువులోనో కాలవలోనో దిగడం కావొచ్చు, మందు ట్యాంకుతో సహా! తిరిగి రమ్మన్నా చిక్కే. అది గీత గీసినట్టు తిన్నగా వస్తుంది. ఆ గీత కింద ఎవరి చెరువుందో, గీతలో ఎన్ని కొబ్బరిచెట్లున్నాయో దానికి తెలియదు. ముదురు కొబ్బరిచెట్టు 20 మీటర్లు దాటుతుంది. తిరిగొచ్చే ఎత్తు అంతకంటే తక్కువ పెడితే డ్రోన్ మట్టల్లో చిక్కుకుంటుంది.

అందుకే మందు కొట్టించుకునేవాళ్లు ఎకరానికి ఎంతని బేరమాడేటప్పుడే నాలుగు మాటలు అడగాలి. బాబూ, నీకు ధ్రువపత్రం ఉందా? డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య, బీమా ఉన్నాయా? రిమోట్‌కూ డ్రోన్‌కూ మధ్య మాటకు తాళం వేశావా, పాస్‌వర్డు కంపెనీ ఇచ్చిందేనా, మార్చావా? సిగ్నల్ పోతే మందు వెంటనే ఆగిపోతుందా, ఏ ఎత్తున ఏ దారిన వస్తుంది? బయల్దేరే చోటును చెరువు అడ్డం రాని గట్టు మీద పెట్టుకుంటే సగం బాధ అక్కడే తీరిపోతుంది. నడిపేవాళ్లు చేయాల్సినవీ కష్టమేమీ కాదు. కంపెనీ పంపే కొత్త సాఫ్ట్‌వేర్‌ను సీజన్ మొదలుకాకముందే ఎక్కించుకోవాలి. తెలియని చోట దొరికే దొంగ సాఫ్ట్‌వేర్ జోలికి పోకూడదు. చౌకగా వచ్చిందని సంతకం సౌకర్యం లేని రిమోట్ కొనకూడదు. కళ్లముందున్న డ్రోన్ చెప్పిన మాట ఆలస్యంగా వింటోందనిపిస్తే పని ఆపి దించేయాలి. పావుగంట పోతే పోయింది, పక్కవాడి చెరువు మిగులుతుంది.

2015 జులై 14న, గోదావరి పుష్కరాల తొలిరోజున రాజమండ్రి ఘాట్‌లో జరిగిన తొక్కిసలాటలో పాతిక మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. పైనుంచి ఓ కన్ను కనిపెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదని ఆ రోజు అనుకోనివారు లేరు. 2027లో మళ్లీ పుష్కరాలు. అప్పుడు ఘాట్ల మీద ఆ కన్ను ఉండాలి. అది పంపే బొమ్మ నిజమైనదై ఉండాలి. అది వినే మాట పోలీసుదై ఉండాలి. లక్షల మంది తలల మీద ఎగిరే యంత్రం, ఎవరు పిలిస్తే వారికి పలికే అమాయకురాలు కాకూడదు.

పూర్వం పెద్దవాళ్లు పిల్లలకు నేర్పిన జాగ్రత్తే ఇప్పుడు యంత్రాలకూ నేర్పాలి. ఒక్క పిలుపుకే పలకొద్దు. ముద్ర చూడు, సమయం చూడు, సరిపోల్చుకో. పిలిచింది ఇంటివాళ్లేనని నమ్మకం కుదిరాకే పలుకు.